ఎనిమిదో తరగతిలో ఎవరిని లేపి నిలబెడతారు?



పరిశోధన చేస్తున్నవాళ్లు వస్తే సిద్ధాంతం మాట్లాడతారని అనుకుంటారు. నేను మాత్రం ఒక దరఖాస్తు ఫారం గురించి మాట్లాడతాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఫారాలు వచ్చాయి. సారు ఆరుగురిని లేపి నిలబెట్టారు. మా పేట నుంచి ఆ క్లాసులో ఎనిమిది మందిమి ఉన్నాం. ఒక్కరినీ లేపలేదు. అడిగితే, "మీకు హాస్టల్ ఉంది కదరా, ఇదెందుకు?" అన్నారు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నారు. అందుకే అది అన్యాయమని మాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ఈ పథకం 2008లో మొదలైంది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివే పేద పిల్లల కోసమే పెట్టారు. దేశమంతటా ఏటా లక్ష స్కాలర్‌షిప్‌లు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఇప్పుడు ఏడాదికి 12,000 రూపాయలు. మా రోజుల్లో 6,000 ఉండేది. పెద్ద మొత్తం కాదంటారేమో. పదో తరగతి తర్వాత ఆడపిల్లను చదివించాలా, మానిపించాలా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు ఆ డబ్బు ఎటు మొగ్గుతుందో మీలో చాలామందికి తెలుసు.

పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోటి 90 మార్కులకు. ఒకటి పాఠాల మీద, రెండోది 'మానసిక సామర్థ్యం' మీద. నాకు ఆ పేరుతోనే పేచీ. సంఖ్యల వరుసలు, కోడింగ్, అద్దంలో బొమ్మలు: కార్పొరేట్ బడుల్లో ఫౌండేషన్ బ్యాచ్ పిల్లలు ఆరో తరగతి నుంచే ఇలాంటివి చేస్తుంటారు. మన పిల్లలు చాలామంది ఓఎంఆర్ షీటును పరీక్ష హాల్లోనే మొదటిసారి చూస్తారు. రెండేళ్లుగా ఆదివారాలు మా ఊళ్లో పాత పేపర్లు చేయిస్తున్నాం. మొదటి వారం 20 దాటని ఒక పాప నాలుగు నెలలకు 50 దాటింది. నాలుగు నెలల్లో మెదడు మారిందా, అలవాటు మారిందా?

ఇక కెరీర్ సంగతి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు వడ్రంగం, కుండల తయారీ, తోటపని లాంటివి సరదాగా పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. బస్తా లేకుండా పది రోజులు చేతిపని చేసేవారి దగ్గర గడపాలంటోంది. తండ్రి వృత్తే నేర్వమని అందులో లేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ 1953లో మద్రాసులో రాజాజీ తెచ్చిన పథకం సగం రోజు బడి, మిగతా సగం ఇంటి వృత్తి అన్నప్పుడు జనం దాన్ని కులవిద్య అనే పిలిచారు. మరుసటి ఏడాదే అది రద్దయింది. డాక్టరు కొడుకు పది రోజులు కుండలు చేస్తే అనుభవం. కుమ్మరి బిడ్డ చేస్తే? ఆ పది రోజులూ ఆమెను ప్రయోగశాలకో, కోర్టుకో, మన యూనివర్సిటీకో ఎందుకు తీసుకెళ్లకూడదు?

బడిలో బాబాసాహెబ్‌కు సంస్కృతం చదవాలని ఉండేది. అంటరానివాడని ఒప్పుకోలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకున్నారు. ఏ పిల్లవాడు ఏం చదవాలో వాడి ముందు నిలబడ్డ పెద్దమనిషి తేల్చడం కొత్తేం కాదు.

కాబట్టి ఇక్కడున్న స్కాలర్లకు ఒక పని. ఫారాలు వచ్చే నెలల్లో మీరు చదివిన బడికి వెళ్లండి. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం వచ్చిన ప్రతి ఒక్కరూ రాయొచ్చు. హెడ్‌మాస్టర్ గారిని ఆ జాబితా అడిగి, మన పేట పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఆదాయ ధ్రువపత్రం కోసం కూలి మానుకుని మండలాఫీసు చుట్టూ తిరిగే తల్లిదండ్రులతో మీరూ ఒక పూట వెళ్లండి. మా నాన్నతో అలా వచ్చేవాళ్లు ఎవరూ లేరు.