సముద్రపు కరెంటు – సర్కారు చేయూత



సముద్రం నుంచి కరెంటు తియ్యడమంటే అదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. కాని ఈ కథ మొదలైంది ఒక భార్య మందలింపుతోనే! 1973లో చమురు ధరలు మండిపోయి ప్రపంచమంతా అల్లాడిపోతున్న రోజులవి. స్కాట్లాండులోని ఎడింబరోలో స్టీఫెన్ సాల్టర్ అనే ఇంజనీరు ఫ్లూ జ్వరంతో మంచాన పడి మూలుగుతున్నారట. ఆయన భార్య మార్గరెట్ డొనాల్డ్‌సన్ పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త. అలా మూలుగుతూ పడుకునే బదులు ఈ ఇంధనం కరువుకేదైనా దారి చూడకూడదా అని ఆవిడ అన్నారట. అంతే, ఆయన దృష్టి అలల మీదికి మళ్ళింది. అల వచ్చినప్పుడల్లా తలూపుతూ, ఆ ఊపుతో కరెంటు పుట్టించే యంత్రాన్ని రూపొందించారు. దానికి 'సాల్టర్ బాతు' అని పేరొచ్చింది.

1976లో బ్రిటిష్ ప్రభుత్వం అలల కరెంటు పరిశోధనకు డబ్బిచ్చింది. చిన్న నమూనాలను నీటి తొట్టెల్లోనూ, సరస్సులోనూ పరీక్షించారు. కాని అసలు సైజు బాతు సముద్రంలో దిగకముందే, 1982లో, ఖర్చు గిట్టుబాటు కాదని ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకుంది. 2024లో సాల్టర్ కన్నుమూశారు. ఆయన బాతు పూర్తి సైజులో ఏ సముద్రంలోనూ ఈదనేలేదు. సగం ఉడికిన అన్నాన్ని పొయ్యి మీంచి దించేస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? బియ్యమూ దండగే, కట్టెలూ దండగే.

మరి సాయం ఎలా చెయ్యాలి? పాలు పోసే ఆమె సంగతి చూడండి. గేదెను కొనాలంటే ముందు వేలకు వేలు కావాలి. రేపు పాలు ఏ ధర పలుకుతాయో తెలియకపోతే అప్పెవరిస్తారు? అదే, లీటరుకింత చొప్పున పదిహేనేళ్ళు కొంటామని ఎవరైనా రాసిచ్చారనుకోండి, బ్యాంకువాళ్ళు ధైర్యంగా అప్పిస్తారు. ఇప్పుడు బ్రిటన్ చేస్తున్నది సరిగ్గా ఇదే. కరెంటుకు ఒక ధర నిర్ణయించి ఒప్పందం రాస్తారు. బజారు ధర అంతకన్నా తగ్గితే ఆ తేడా కంపెనీకి ఇస్తారు, పెరిగితే కంపెనీయే తిరిగి చెల్లించాలి.

ఈ పద్ధతిలో 2015లో సముద్రంలో నిలబెట్టే గాలిమరల కరెంటుకు వెయ్యి యూనిట్లకు 114 నుంచి 120 పౌండ్ల దాకా ఒప్పుకున్నారు. 2022కి అది 37 పౌండ్లకు దిగింది. 2024లో మళ్ళీ 59కి పెరిగినా, మొదటి ధరలో సగమే! మరి ఆటుపోట్ల ఉరవడికి నీటి అడుగున తిరిగే యంత్రాల కరెంటో? 2022లో దాని ధర 178 పౌండ్లు. గాలిమరలతో ఒకే బంతిలో కూర్చోబెడితే దానికి మెతుకైనా దక్కదు. అందుకే ఆ ఏడాది ఏటా 2 కోట్ల పౌండ్లు దానికని వేరే తీసిపెట్టారు. పెద్దవాళ్ళతో పోటీపడలేని పసివాడికి వేరే కంచంలో వడ్డించినట్టన్నమాట. 40 మెగావాట్లకు ఒప్పందాలు కుదిరాయి, 2023లో మరో 53 మెగావాట్లకు కుదిరాయి. 2024లో ధర 172కి వచ్చింది. తగ్గింది కొంచెమే, నిజమే. పైగా ఈ భారం చివరికి అక్కడి ఇళ్ళ కరెంటు బిల్లుల్లోనే పడుతుంది. కనుక ఇది ఇల్లాళ్ళకు పట్టని విషయం కానే కాదు.

ఇక మన దేశం సంగతి. కేరళలోని విళింజంలో 1991లోనే 150 కిలోవాట్ల అలల కరెంటు కేంద్రం పెట్టారు. తర్వాత అది మూతపడింది. 2019లో కేంద్ర ప్రభుత్వం సముద్రపు కరెంటును కూడా తరగని ఇంధనాల జాబితాలో చేర్చింది. విద్యుత్ సంస్థలు తప్పనిసరిగా కొనవలసిన వాటాలో దాన్నీ లెక్కించవచ్చన్నారు. మంచిదే. కాని గాలి కరెంటు చవగ్గా దొరుకుతుంటే ఖరీదైనదాన్ని ఎవరు కొంటారు చెప్పండి? జాబితాలో పేరు రాస్తే చాలదు, వేరే కంచమూ పెట్టాలి.

2021లో సముద్ర గర్భ పరిశోధనకు అయిదేళ్ళకు 4,077 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. సముద్రం నుంచి కరెంటు, మంచినీళ్ళు తియ్యడం కూడా అందులో ఒక భాగం. మంచినీళ్ళంటే గుర్తొచ్చింది, లక్షద్వీపాలలోని కవరత్తిలో 2005లోనే ఇలాంటి నీటి కేంద్రం పెట్టారు. పైనున్న వెచ్చని నీటికీ, లోతునున్న చల్లని నీటికీ ఉన్న తేడాతో రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్ళు తీసేలా కట్టారు. చుట్టూ ఉప్పునీరున్న దీవిలో బిందెడు మంచినీళ్ళ విలువేమిటో ఆడవాళ్ళకే తెలుస్తుంది. అయితే ఆ పంపులు తిప్పడానికి డీజిలు కరెంటే వాడారు. ఆ కరెంటు కూడా సముద్రమే ఇచ్చేటట్టు చెయ్యాలన్నది తలపెట్టిన పని.

మన పన్నుల డబ్బు సముద్రంలో పొయ్యాలా అని మీరడగవచ్చు. అడగాలి కూడా! ప్రతి ఏడాదీ లెక్క చెప్పమనాలి, ధర తగ్గుతోందా అని నిలదియ్యాలి. కాని ఒకసారి పొయ్యి మీద ఎసరు పెట్టాక, అన్నం ఉడికేదాకా మంట ఆరనివ్వకూడదు. ఆ ఓపిక లేనప్పుడు పొయ్యి వెలిగించకుండా ఉండటమే మేలు.