నాబోతు కొడుకులు ఏమైండ్రు?

(టేకులపల్లిలో ఆదివారం బడి పాఠాలు చెప్పేవాళ్ల కూటంలో చేసిన ప్రసంగం)

  

మీలో చాలామంది వారమంతా కూలికి పోయి, శనివారం రాత్రి అన్నం తిన్నాక రేపటి పాఠం చూసుకుంటరు. నిద్ర ముంచుకొస్తది. పాఠాల పుస్తకంలో ఉన్నదే పిల్లలకు అప్పజెప్పి వస్తరు. మేమూ ఏండ్ల తరబడి అట్లనే చేసినం. తప్పు పట్టడానికి రాలేదు. ఒక్క అధ్యాయాన్ని తిరిగి ఎట్ల చదివినమో చెప్పి పోదామని వచ్చినం.

డోర్నకల్ మనకు దగ్గరే. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో మన తాతలు, అవ్వలు అక్షరం రాకున్నా విని విని పాఠాలు కంఠతా పట్టిండ్రు. వాళ్లకు వినుడొక్కటే దారి. మనకు అక్షరం వచ్చింది. ఇంకా వినుడే చాలంటే ఎట్ల?

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం, నాబోతు ద్రాక్షతోట. దీని మీద మనం విన్న ప్రసంగం ఏంది? యెజెబెలు చెడ్డది, ఆడవాళ్లు అట్ల ఉండొద్దు అని. వచనం వచనం దగ్గర ఆగి చదివితే వేరే సంగతి బయటపడ్డది.

ఆహాబు రాజు మొదట దౌర్జన్యం చెయ్యలే. ఇంతకంటే మంచి తోట ఇస్తా, కాదంటే పైకం ఇస్తా అన్నడు. చూడటానికి న్యాయమైన బేరమే. పితరుల భూమి ఇయ్యనన్నడు నాబోతు. ఇక్కడ లేవీయకాండము 25 తెరవాలె. భూమిని శాశ్వతంగా అమ్మొద్దని అక్కడుంది. సంఖ్యాకాండము 36లో ఒక గోత్రం భూమి ఇంకో గోత్రానికి పోవద్దని ఉంది. అంటే నాబోతు మొండివాడు కాదు, చట్టం పట్టుకొని నిలబడ్డవాడు.

తర్వాత రాజు పేరుతో, రాజు ముద్రతో తాకీదులు పోయినయి. ఊర్లో ఉపవాసం చాటించిండ్రు. పెద్దలు కూసున్నరు. సాక్షులు ఇద్దరు. ఇద్దరే ఎందుకు? ద్వితీయోపదేశకాండము 17 ప్రకారం మరణశిక్షకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలె. లెక్క సరిపోయింది! భక్తి ఉంది, కాగితం ఉంది, పంచాయితీ ఉంది. మనిషిని రాళ్లతో కొట్టి చంపిండ్రు.

చుండూరు గుర్తుకు రాదా? 1991 ఆగస్టు 6న దళితులను నరికి చంపిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ మనవాళ్ల సాక్ష్యం నిలబడలే. యెజ్రెయేలులో దొంగ సాక్ష్యం నిలబడ్డది.

ఏలీయా వచ్చి చంపినవాడివి నువ్వేనా అని ముందు అడిగింది ఆహాబునే. అది చదివినంక యెజెబెలు ఒక్కదాని మీద పాఠం చెప్పుడు మానుకున్నం.

ఇంకొకటి మాకు చాలా ఆలస్యంగా దొరికింది. రెండవ రాజుల గ్రంథం 9వ అధ్యాయం 26వ వచనంలో, యెహూ మాటల్లో, నాబోతు రక్తంతో పాటు అతని కొడుకుల రక్తం అని ఒక్క ముక్క ఉంది. 21వ అధ్యాయంలో కొడుకుల ఊసే లేదు. ఎందుకు చంపిండ్రో అక్కడ చెప్పలే. వారసులు బతికుంటే భూమి రాజుకు ఎట్ల దక్కుతది? ఈ మాట పిల్లలకు మీరే చెప్పకండి. వాళ్లను అడగండి, చెప్తరు.

ఇక్కడిదాకా సులువే. టేకులపల్లి ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. బినామీ పేర్లతో పెద్దలు ఏం చేస్తున్నరో మీకు ఎరుకే. కానీ మాల మాదిగలం మనమూ గిరిజనేతరులమే. మనకూ భూమి లేదు. కథలో మనమే నాబోతు అనుకుంటే బాగుంటది. కోయ అన్న చేను గట్టు మీద నిలబడ్డప్పుడు మనం ఎవరం? దీని మీద మా కూటంలో తగువైంది. ఇంకా తెగలే. తెగనంత మాత్రాన పాఠంలోంచి తీసెయ్యొద్దని మాత్రం ఒప్పుకున్నం.

వచ్చే ఆదివారానికి యాకోబు పత్రిక 5వ అధ్యాయం తియ్యండి. కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన సంగతి ఉంటది. ఎవరింట్ల కూలి బాకీ ఉందో పిల్లలను అడగండి. పేర్లు మాత్రం నల్లబల్ల మీద రాయకండి. ఆ ఆసామి ఇంట్లో జీతముండేవాళ్ల పిల్లలు కూడా అదే చాప మీద కూసుంటరు.