చచ్చిపోయాక మనం ఎక్కడికి పోతాం?

(యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు. రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగారని కాస్త సరిచేసి ఇక్కడ పెడుతున్నా.)

 

ఎప్పుడూ పోడు పట్టాల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడే నేను ఈసారి చావు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నవ్వండి, పర్లేదు. కానీ ఈ విషయం మీదే మన ఊళ్లు చీలిపోతున్నాయి. మా ఇల్లు కూడా చీలింది. అందుకే దాచుకోకుండా చెప్తున్నా.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. శబరి ఎగదన్ని మా ఊరంతా మునిగింది. గుట్ట మీద పరదాల కింద తలదాచుకున్నాం. నీళ్లు దిగాక అందరం ఇళ్ల వైపు పరిగెత్తాం. మా అవ్వ మాత్రం ఇంటికి పోలేదు. ఊరి బయట పెద్దల రాళ్ల దగ్గరికి పోయింది. మన కోయోళ్లలో చనిపోయిన వాళ్ల పేరు మీద రాయి నిలబెట్టే ఆచారం ఉంది కదా, ఆ రాళ్లు. కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని బురదలో కూరుకుపోయాయి. అవ్వ కూర్చుని చేత్తోనే బురద తుడుస్తోంది.

"అవ్వా, ముందు ఇల్లు చూసుకోవా?" అన్నాను.

"ఇల్లు మళ్లీ కట్టుకుంటాం రా. వీళ్లని ఎవరు లేపుతారు?" అంది.

నేను డిగ్రీ చదివినోణ్ణి. ఆ రోజు ఆ మాట నాకు ముసలి చాదస్తంలా అనిపించింది. ఆ పై ఏడాది అవ్వ పోయింది. అప్పుడు అర్థమైంది.

అవ్వ పోయిన రోజు మా ఇంట్లో మూడు మతాలు నిలబడ్డాయి. మా మేనత్త, అంటే అవ్వ కడుపున పుట్టిన కూతురు, పదేళ్లుగా చర్చికి పోతోంది. అమ్మ పరలోకానికి పోవాలని ప్రార్థన చేయిస్తానంది. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, ఏటా మాల వేస్తాడు. పంతుల్ని పిలిచి కర్మ చేయిద్దాం, లేకపోతే ఆత్మకు శాంతి ఉండదన్నాడు. ఊరి పెద్దలు మన పద్ధతే జరగాలన్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ చర్చికి పోయేవాళ్లు శవాన్ని ముట్టకూడదన్నారు.

చివరికి మన పద్ధతిలోనే జరిగింది. డోలు మోగింది, ఇప్పసారా ధార పోశారు, రాయి నిలబెట్టారు. అత్త మాత్రం చింతచెట్టు కింద ఒక్కతే నిలబడి ఏడ్చింది. కన్నతల్లికి నీళ్లు కూడా పోయలేకపోయింది.

నేను అక్కడే ఉన్నాను. మైకు దొరికితే గంట మాట్లాడే నేను ఆ రోజు నోరు తెరవలేదు. ఊరోళ్లతో గొడవెందుకు, రేపు సంఘం పనికి వీళ్లే కావాలి అనుకున్నాను. ఇది నా తప్పు. మీ ముందు ఒప్పుకుంటున్నా.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న తిరుగుతోంది. అవ్వ ఎక్కడికి పోయింది?

అత్త నమ్మకంలో ఆమె పైన ఉంది. అన్నయ్య నమ్మకంలో ఇంకో జన్మ ఎత్తుతుంది. మరి మన పెద్దలు ఏం చెప్పారు? నాకు తెలిసినంతలో మన పద్ధతిలో చనిపోయినోళ్లు పైకీ పోరు, కిందికీ పోరు. ఊళ్లోనే ఉంటారు. పెద్దల్లో కలుస్తారు. అందుకే కొత్తల పండుగ చేస్తాం. కొత్త చిక్కుడుకాయైనా, కొత్త మామిడికాయైనా, కొత్త వడ్లైనా ముందు వాళ్లకు పెట్టకుండా మనం నోట్లో పెట్టుకోం. వాళ్లు తినాలి, తర్వాతే మనం. చిన్నప్పుడు ఆకలేసి ఏడ్చినా అవ్వ పెట్టేది కాదు.

మేడారం సంగతే చూడండి. రెండేళ్లకోసారి అంత జనం వస్తారు. సమ్మక్క ఎవరు? మన కథ ప్రకారం కాకతీయుల సైన్యంతో కొట్లాడి చిలకలగుట్ట వైపు పోయిన మన ఆడబిడ్డ. స్వర్గానికి పోయిందని మనోళ్లు చెప్పలేదు. గుట్ట మీద కుంకుమ భరిణె అయింది. జాతరకు వడ్డెలు పోయి తీసుకొస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. కొడుకు జంపన్న పడిపోయిన వాగు జంపన్న వాగయింది. అక్కడ విగ్రహం లేదు. గుట్ట ఉంది, వాగు ఉంది, వెదురు ఉంది. చనిపోయిన మనిషి నేలలో, నీళ్లలో కలిసి మళ్లీ మన మధ్యకు వస్తుంది. మనకు పరలోకం అంటే అదే.

ఇక నా సొంత నమ్మకం అడుగుతారా? ఉన్నదున్నట్టు చెప్తా. ఆత్మ అనేది ఉందో లేదో నాకు తెలియదు. రాయిలో అవ్వ కూర్చుందని నేను అనుకోను. కానీ ఆ రాయి ముందు నిలబడితే అబద్ధం ఆడలేను. దొంగ సంతకం పెట్టి భూమి అమ్ముకోలేను. చనిపోయినోళ్లు చూస్తున్నారన్న భయం కాదిది, వాళ్లకు బాకీ ఉన్నామన్న ఎరుక. నా ఆధ్యాత్మికత ఏదైనా ఉంటే అంతే.

ఇప్పుడు మతాల సంగతి. మన ఊళ్లోకి వచ్చిన మతాలను తిట్టడం తేలిక. కానీ అత్త చర్చికి ఎందుకు పోయిందో నేను ఎప్పుడూ అడగలేదు. అవ్వ పోయాక అడిగాను. పిల్లకు జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు రోడ్డు లేదు, ఆస్పత్రి దూరం. పూజారి కోడి కోశాడు, తగ్గలేదు. ప్రార్థన చేసేవాళ్లు బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయారు, పక్కన కూర్చున్నారు. పిల్ల బతికింది. "ఆ రాత్రి నా పక్కన ఎవరున్నారు రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ప్రభుత్వం రాని చోటికి, మనం పోని చోటికి వేరేవాళ్లు వచ్చారు. అన్నయ్యకూ అంతే. మాల వేసిన 41 రోజులు తాగడు, అందరూ స్వామీ అని పిలుస్తారు. మిగతా రోజుల్లో టౌన్లో ఎవరూ అతన్ని గారూ అనరు.

మనలో లోపాల్లేవా? ఉన్నాయి. చేతబడి చేశారన్న అనుమానంతో మన ఊళ్లలోనే మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. చచ్చినోళ్లకు అంత గౌరవం ఇచ్చే మనం బతికున్న ముసలివాళ్లను అనుమానంతో చంపుతామా? సంప్రదాయం పేరు పెడితే అది పవిత్రం అయిపోదు.

అయితే అవతలివాళ్లు మన ప్రశ్నను వాడుకుంటున్నారు, అది గమనించండి. మతం మారిన ఆదివాసీని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని ప్రచారం నడుస్తోంది. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీ ఉత్తర్వులో ఆ షరతు లేదు. ఎందుకంటే మనం ఒక మతం వల్ల ఆదివాసులం కాలేదు. పుట్టుక వల్ల, గట్టు వల్ల, నేల వల్ల అయ్యాం. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఏ గట్టులోనూ చర్చి, గుడి అని రాసి లేదు. ఈ రోజు అత్తను బయటికి నెడితే, రేపు అదే కత్తితో మొత్తం తెగను కోస్తారు.

ఇంకో పక్క జనగణన. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన నమ్మకాలకు వేరే గడి ఉండేది, 1951 నుంచి పోయింది. ఇప్పుడు ఆరు మతాలకే సొంత పేరు, మిగతావాళ్లంతా 'ఇతరులు'. అయినా 2011లో దేశంలో 79 లక్షల మంది ఆ 'ఇతరులు'లో చేరారు. అందులో సర్నా అని రాయించుకున్నవాళ్లే 49 లక్షల పైన, గోండీ ధర్మం అన్నవాళ్లు 10 లక్షల పైన. 2020లో జార్ఖండ్ అసెంబ్లీ సర్నాకు వేరే కోడ్ కావాలని తీర్మానం చేసింది. 2027 జనగణనలో మీ ఇంటికి వచ్చినప్పుడు మీ నమ్మకం ఏదో మీరే చెప్పండి. ఎన్యూమరేటర్‌ను తనంతట తాను రాసుకోనివ్వకండి.

బస్తర్ సంగతి కూడా తెలుసుకోండి. 2025 జనవరిలో అక్కడ ఒక క్రైస్తవ పాస్టర్ చనిపోతే ఊళ్లో పాతిపెట్టనివ్వలేదు. దాదాపు మూడు వారాలు శవం మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. చివరికి దూరంగా ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. అది చదివినప్పుడు నాకు చింతచెట్టు కింద నిలబడ్డ అత్తే కనిపించింది.

మనం ఇలా శవాల దగ్గర కొట్లాడుకుంటుంటే అవతల నీళ్లు వస్తున్నాయి. పోలవరం ముంపులో ఇల్లు పోతే డబ్బులంటారు, పొలం పోతే లెక్క కడతారు. 2013 భూసేకరణ చట్టంలో కొత్త కాలనీకి శ్మశానం కూడా ఉండాలని ఉంది. మంచిదే. అది రేపు చచ్చేవాళ్లకు. ఇప్పటిదాకా చచ్చినోళ్ల సంగతేంటి? ఊళ్లోనే ఉంటారని నమ్మే మనుషులకు ఊరు మునిగితే పరలోకమే మునిగినట్టు. ఇతర మతాల దేవుళ్లు పైన ఉంటారు, వాళ్లకు ముంపు భయం లేదు. మన పెద్దలు కింద ఉన్నారు.

ఇది కోర్టులకు అర్థం కాని మాటేం కాదు. ఒడిశాలో నియమగిరి కొండను గని కోసం తవ్వుతామంటే, అది మా నియమరాజు అని డోంగ్రియా కోందులు నిలబడ్డారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ సంగతి గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. కొండ మిగిలింది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను అడిగేవి మూడే.

ఒకటి, మీ ఊరి పెద్దల రాళ్లు, వేల్పుల చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో రాసిపెట్టండి. డోలి వాళ్లు చెప్పే గట్టు కథలు ఫోన్‌లోనైనా రికార్డు చేయండి. 2022లో పద్మశ్రీ వచ్చిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు 2024లో పోయారు. ఆయన నోట్లో ఉన్నదంతా మనం రాసుకున్నామా?

రెండు, ఆ చోట్లను కాపాడాలని గ్రామసభలో తీర్మానం చేయండి. మన ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే హక్కు 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది.

మూడు, అదే గ్రామసభలో ఇంకో మాట రాయండి. ఈ ఊరి మనిషి ఏ దేవుడికి మొక్కినా ఈ ఊరి మట్టిలో చోటు ఉంటుందని.

పోయిన కొత్తల పండుగకు నేను అత్త ఇంటికి పోయాను. "చర్చి మానేయమని చెప్పడానికి వచ్చావా?" అంది. "కాదత్తా, అవ్వ దగ్గరికి రమ్మని" అన్నాను. వచ్చింది. పూజలో కూర్చోలేదు, ప్రసాదం తినలేదు. ఊరోళ్లు ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు. ఈసారి నేను నోరు తెరిచాను, గొడవైంది, కానీ ఎవరూ ఆమెను పంపలేదు. బిందెతో నీళ్లు తెచ్చి రాయి కడిగింది. తన దేవుడికి తను మొక్కుకుంది.

అవ్వ ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు మా ఇద్దరి మధ్యలోనే ఉంది.

జై ఆదివాసీ! జల్, జంగల్, జమీన్ మనదే!