మారుచున్న వానలు, పంటబీమా: మన కర్తవ్యము
(ఆలూరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిన పిమ్మట పంటబీమాను గూర్చి మాటలాడవలసినదిగా మాకు ఆజ్ఞయైనది. విషయము కొంత శుష్కముగా దోచవచ్చును. అయినను ఈ పందిటిలో గూర్చున్నవారిలో మృగశిర కార్తెలో ఆకసమువైపు చూడని యింటివారు ఎందరుందురు? కావున కొంచెము సేపు ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాము.

మన ఆలూరు సీమ 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. 1876-78 సంవత్సరముల మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములు అనుభవించిన దుర్దశను మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ కాలమువారికి కంపెనీలు లేవు. నల్లరేగడి నేలలో పాతర త్రవ్వి, మంచి యేట పండిన జొన్నలను దాచి, చెడ్డ యేట వెలికి దీసి తినెడివారు. అదియే వారి బీమా. నేడు పాతరలు పూడిపోయినవి. జొన్నచేలు చాలవరకు ప్రత్తిచేలును, బుడ్డలచేలును అయినవి. ఇంటిలో ధాన్యమునకు బదులు అంగడిలో అప్పు నిలువయున్నది.

బీమా యనగా నేమి? పదిమంది తలకొంచెము వేసికొని, ఆపద వచ్చిన యొకనిని ఆదుకొనుట. నూరిండ్లలో ఒక యింటికి నిప్పంటుకొనినచో తక్కిన తొంబదితొమ్మిది యిండ్లవారి సొమ్ము దానిని నిలబెట్టగలదు. కాని కరవు అట్లు ఒక యింటిని వెదకికొని రాదు; తాలూకా యంతటిని ఒక్కమారే పట్టును. తుపానును అట్టిదే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనయు, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఒక్క దినములో లెక్కకు మిక్కిలి కుటుంబములను వీధిపాలు చేసినవి. ఇట్టి నష్టమును ఒక కంపెనీ తాళజాలదు గనుక, అది తన భారములో కొంత పెద్ద కంపెనీలవద్ద తిరిగి బీమా చేయించుకొనును. దీనినే పునర్బీమా యందురు.

ఆపదలు తరచైనపుడు కంపెనీలు ఏమి చేయునో తెలిసికొనుటకు సముద్రతీరములను చూడవలెను. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున 1992లో ఆండ్రూ అను తుపాను వచ్చినపుడు పలు బీమా కంపెనీలు దివాలా తీసినవి. మిగిలినవి మూడు మార్గములు పట్టినవి: కొన్ని ప్రీమియము పెంచెను, కొన్ని నష్టపరిహారమునకు షరతులు బిగించెను, కొన్ని తీరమును విడిచిపోయెను. తుదకు ప్రభుత్వమే పూనుకొని బీమా సంస్థను నడుపవలసి వచ్చెను. సముద్రము మనకు దూరముగా నున్నను, ఈ మూడు మార్గములును మన మెట్టపొలములకు ఏనాడో వచ్చిచేరినవి.

మనకు పొరుగునున్న మైసూరు సంస్థానమున జె. ఎస్. చక్రవర్తి యనువారు 1920లోనే వ్యవసాయ బీమాను గూర్చి గ్రంథము ప్రకటించి, కురిసిన వానను కొలిచి దానినిబట్టి రైతునకు పరిహారమీయవచ్చునని సూచించిరి. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట 2003లో మహబూబునగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదము పండించు కొలదిమంది రైతులకు అట్టి వర్షబీమా అమ్మబడెను. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వచ్చెను. దానియందు రైతు వాటా ఖరీఫు ఆహారధాన్యములకును, నూనెగింజలకును నూటికి 2. రబీ పంటలకు 1.5, ప్రత్తివంటి వాణిజ్యపు పంటలకు 5. మిగిలిన ప్రీమియమును కేంద్రరాష్ట్ర ప్రభుత్వములు భరించును. కాని భారము పెరిగినకొలది కొన్ని కంపెనీలు ఈ వ్యాపారమునుండి తప్పుకొనినవి. కొన్ని రాష్ట్రములును వైదొలగినవి. మన రాష్ట్రమును కొంతకాలము వెలుపల నుండి, 2022 ఖరీఫున తిరిగి చేరెను. ఉచితముగా నడచిన బీమా 2024-25 రబీనుండి మరల రైతు తన వాటా చెల్లించి, తానై చేరవలసినదిగా మారెను. ఉచితమను తలంపుతో ఇంట గూర్చున్నవాడు బీమాకు వెలియైనాడు.

ఇక మేము ముఖ్యముగా మనవి చేయదలచిన సంగతి. పరిహారమునకు కొలబద్ద గడచిన ఏడేండ్ల దిగుబడి. అందు మేలైన అయిదేండ్ల సగటు దీసి, దానిలో నిర్ణయించిన శాతమును హద్దుగా పెట్టుదురు. ఒక యూర మంచి యేట ఎకరమునకు 600 కిలోలు, చెడ్డ యేట 200 కిలోలు పండునని యనుకొందము. ఏడేండ్లలో రెండే చెడ్డవైనచో సగటు 600. నూటికి 80 వంతున హద్దు 480. ఈ యేడు 240 పండినచో సగము నష్టము. 20,000 రూపాయల బీమాకు 10,000 వచ్చును. అదే నాలుగేండ్లు చెడ్డవైనచో సగటు 440కి దిగును, హద్దు 352. అదే 240 కిలోలు పండినను 6,400 రూపాయలైనను రావు. అనగా కరవులు తరచైనకొలది రైతుకు అక్కర పెరుగును, బీమా యిచ్చునది తరుగును. గాలి వేడెక్కినకొలది నీటియావిరిని మిక్కుటముగా పట్టియుంచునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అందువలన వానకును వానకును నడుమ ఎడము పెరిగి, కురిసినపుడు కుండపోతయగును. 2009 అక్టోబరున కరవుసీమయగు కర్నూలు పట్టణమే వరదలో మునిగినది గదా!

మా యింట జరిగినదొకటి చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట వర్షసూచిక బీమా క్రింద మేము ప్రత్తి వేసితిమి. వానను కొలుచు పరికరమున్న చోట పదునైన వాన పడినది. మా చేనివద్ద దుమ్ము సైతము అణగలేదు. లెక్కలో మాకు వాన కురిసినది గనుక పరిహారము లేకపోయెను. ఎవ్వరును మోసము చేయలేదు. లెక్క సరియైనదే, చేను మాత్రము ఎండినది. ఆ యేడు కాడియెద్దులలో ఒకదానిని అమ్ముకొంటిమి.

అట్లని బీమా వలదని మేము చెప్పవచ్చితిమా? కాదు. లోపముగల గొడుగైనను గొడుగే. కాని దానిక్రింద నిలుచుటకైనను మనలో అందరికి చోటులేదు. కౌలురైతు పేర పంట నమోదు కానిదే పరిహారము వానికి చేరుట దుర్లభము. 2019లో చేయబడిన పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు పదునొకండు నెలల పత్రమిత్తురు. దానికి భూయజమాని సమ్మతి కావలెను. ఆ పత్రము పంటకే గాని భూమిపై హక్కునీయదు. అయినను సంతకమునకు జంకు యజమానులు మన కులమునందే కలరు. కౌలు సొమ్ము ముందుగా పుచ్చుకొని, సంతకమడిగినపుడు ముఖము త్రిప్పుకొనుట పెద్దరికమా? ఎండిన చేను కౌలుదారునిది, వచ్చిన పరిహారము యజమానునిది యగుట ధర్మమా? మాట కటువుగా నున్నచో మన్నింపుడు. పరులతో చెప్పుకొనలేక మనవారితో చెప్పుకొనుచున్నాము.

కావున ఈ మహాసభవారికి మూడు విన్నపములు. మొదటిది: భూములు కౌలుకిచ్చిన మన పోషకులు ఈ ఖరీఫునకు ముందే సమ్మతిపత్రములపై సంతకము చేయవలెను. రెండవది: ఊరూరను చదువుకొన్న యిద్దరు యువకులు పంటనమోదును, గడువు తేదీలను, రసీదులను చూచుభారము వహింపవలెను, వడగండ్లవంటి స్థానికోపద్రవము కలిగినచో 72 గంటలలో తెలుపవలెనను నిబంధనను ప్రతియింట చెప్పవలెను. మూడవది: కల్యాణమండప నిధినుండి కొంత వేరుపరచి, ప్రీమియము కట్టలేని కౌలుదారులకును, వితంతువులకును వడ్డీలేని బదులుగా ఇచ్చి, పంట వచ్చినపుడు తిరిగి పుచ్చుకొనవలెను. ఎకరమునకు 20,000 రూపాయల బీమాగల వేరుసెనగకు రైతువాటా 400 రూపాయలే. మండపమున ఒక్క దీపపుగుత్తి తగ్గించినచో ఎన్ని యెకరములకు రక్షణయగునో పెద్దలే గణింపవచ్చును.

బీమా పంటను బ్రతికింపదు. అప్పును కొంత తగ్గించును. పంటను బ్రతికించునది చేనిలోని కుంట, ప్రత్తిసాళ్ల నడుమ కంది, మరచిపోయిన కొఱ్ఱ. వానిని విడువవలదు. పాతర త్రవ్విన మన పెద్దలు రాబోవు చెడ్డయేటిని మంచియేటనే తలచిరి. వారి బుద్ధి మనకు కలుగుగాక!