మా ఊరు నీళ్లల్ల ఉంది

నేను పుట్టి పెరిగింది శాలిబండలోనే. కానీ "మీదే ఊరు?" అంటే నాన్న ఇప్పటికీ కొల్లాపూర్ దగ్గరి కృష్ణ ఒడ్డు ఊరే చెప్తాడు. మ్యాప్‌ల చూస్తే అక్కడ నీళ్లే! శ్రీశైలం డ్యామ్ కోసం 1981లో ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు.

మొన్న ఎండాకాలం నానమ్మని తీసుకుని అందరం సోమశిల వెళ్లాం. మునుగుతాయని అక్కడి పాత గుళ్లని విప్పి, పైన మళ్లీ కట్టారు. ఇళ్లకి ఆ అదృష్టం లేదు కదా.

నీళ్లు తగ్గి మొండి గోడలు తేలాయి. బోటు దిగి నడిచాం. నాన్న "ఇది మన బడి" అన్నాడు.

"బడి కాదు బిడ్డా, మన ఇల్లు" అంది నానమ్మ. గడప రాయి ముందు చెప్పులు విప్పింది. మమ్మల్నీ విప్పమంది.