మొలలున్నవాళ్లు సైకిల్ మానెయ్యాలా?

డాక్టరు దగ్గర కూడా నోరు విప్పడానికి సిగ్గుపడే జబ్బు మొలలు. మూలశంక అన్నా, పైల్స్ అన్నా ఇదే. మలద్వారం లోపల రక్తనాళాల మెత్తలు అందరికీ ఉంటాయి. అవి ఉబ్బి కిందికి జారితే మొలలంటాం. చాలామంది నేరం సైకిల్ మీద వేస్తారు. మలబద్ధకం, ముక్కడం, ఫోను పట్టుకుని మరుగుదొడ్లో కూర్చుండిపోవడం అంతకంటే పెద్ద కారణాలు. సీటు ఒత్తిడి, చెమట, రాపిడి మాత్రం ఉన్న బాధను పెంచుతాయి.

నేను రోజూ సైకిల్ తొక్కుతాను. మొదట్లో దూదిలాంటి సీటు కొన్నాను. కూర్చుంటే అందులోకి కూరుకుపోయి, ఒత్తిడంతా నడిమి భాగం మీదే పడేది. పిరుదుల కింది రెండు ఎముకలూ ఆనేంత వెడల్పుగా, కాస్త గట్టిగా, మధ్యలో గాడి ఉన్న సీటు వేయించాక ప్రాణం కుదుటపడింది. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడండి. ఇంటికి రాగానే తడిసిన నిక్కరు విప్పేసి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో 10-15 నిమిషాలు కూర్చోండి. ఆ హాయి మాటల్లో చెప్పలేను.

మలబద్ధకం రాకుండా ఉండాలంటే రోజుకు 25-30 గ్రాముల పీచు కావాలి. జొన్నరొట్టె, గోరుచిక్కుడు, తోటకూర, జామకాయ తినండి. చెమటోడ్చేవాళ్లు నీళ్లు మరింత ఎక్కువ తాగాలి.

హఠాత్తుగా గట్టి గడ్డ తేలి భరించలేని నొప్పి వస్తే మూడు రోజుల్లోపే డాక్టరుకు చూపించండి. రక్తం పడితే మొలలేలే అని సరిపెట్టుకోకండి. పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. దయచేసి పరీక్ష చేయించుకోండి.