సెలవుల్లో పట్నం ప్రయాణం



పరీక్షలు ముగిశాయంటే చాలు, మన ఇళ్ళల్లో పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "అమ్మా, ఈసారి ఎక్కడికి పోదాం?" అని. ఒకప్పుడు దీనికి జవాబు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. మా సిద్దిపేట వాళ్ళకైతే కొమురవెల్లి మల్లన్న జాతర, వేములవాడ, యాదగిరిగుట్ట, అవేవీ కాకపోతే అమ్మమ్మగారి ఊరు. రంగులరాట్నం కావాలంటే జాతరలోనే ఉండేది. ఇప్పటి పిల్లలు అలా ఊరుకోరు. ఫిల్మ్ సిటీ అంటారు, వండర్‌లా అంటారు, స్నో వరల్డ్ అంటారు. ఇవన్నీ మన హైదరాబాదు చుట్టుపక్కలవే కాబట్టి కాదనడమూ కష్టమే.

అసలీ వినోద ఉద్యానవనాల ముచ్చట పాతదే. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ డిస్నీలాండ్‌ను తెరిచాడు. టికెట్టు కొని గేటు దాటితే లోపల ఒక కథాలోకం, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు. ఆ తరహా మన దగ్గరికి మెల్లగా వచ్చింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో హుస్సేన్ సాగర్ దగ్గర స్నో వరల్డ్, 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా వెలిశాయి. గండిపేట వైపు ఓషన్ పార్క్, నెక్లెస్ రోడ్డులో జలవిహార్ ఉండనే ఉన్నాయి. ఇన్ని ఉన్నాయి కదా అని రెండు రోజుల్లో అన్నీ చుట్టి రావాలనుకుంటే మాత్రం డబ్బూ పోతుంది, ఒళ్ళూ హూనమవుతుంది. అందుకే ఇంట్లో కూర్చొని ముందుగా వేసుకోవలసిన లెక్క గురించి నాలుగు మాటలు చెబుతాను.

మొదటి లెక్క, ఎవరికి ఏది సరిపోతుందన్నది. ఫిల్మ్ సిటీ చూసే చోటు. సినిమా సెట్టింగులు, తోటలు, ఆటపాటల ప్రదర్శనలు ఉంటాయి. లోపల వాళ్ళ బస్సులే తిప్పి చూపిస్తాయి కనుక పెద్దవాళ్ళూ కొంతవరకు తట్టుకుంటారు, అయినా నడక తప్పదు. వండర్‌లా ఆడే చోటు. అక్కడ జెయింట్ వీలు, రోలర్ కోస్టరు, నీళ్ళ ఆటలు ఉంటాయి. పిల్లవాడు ఎంత ఎత్తున్నాడో చూసి గానీ పెద్ద ఆటలు ఎక్కనివ్వరు. కాబట్టి బయల్దేరకముందే గోడకు నిలబెట్టి కొలవండి. ఆశపెట్టి తీసుకుపోయి, అక్కడ "నువ్వు చిన్నవాడివి, పక్కకు జరుగు" అనిపిస్తే ఆ పసివాడి ముఖం చూడలేం. రక్తపోటు, గుండెజబ్బు, నడుంనొప్పి ఉన్నవాళ్ళూ, గర్భిణులూ తలకిందులుగా తిప్పే ఆటల జోలికి పోకూడదు. పిల్లలకు భయం ఉందో లేదో తెలియకపోతే ముందు మన కోమటి చెరువు మీద వేలాడే వంతెన ఎక్కించి చూడండి. అక్కడే కాళ్ళు వణికితే రోలర్ కోస్టరుకు టికెట్టు దండుగ!

మోకాళ్ళ నొప్పుల అత్తగారిని అలాంటి చోటికి తీసుకుపోయి రోజంతా ఎండలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఆమెకోసం రెండో రోజు వేరే పెట్టుకోండి. 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు ఉంది, లోపల తిప్పే బండ్లు ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1985 నుంచి బిర్లా ప్లానెటోరియం ఉంది, అందులో కూర్చొని పైకి చూస్తే ఆకాశమే కనబడుతుంది. జూకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. ఈ రెండు వారాలూ గుర్తు పెట్టుకోండి.

ఇక ప్రయాణం. మన సిద్దిపేట నుంచి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా జూబిలీ బస్టాండు చేరతాం. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు. ఆధార్ కార్డు వెంట ఉండాలి, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాలి. అంటే ఇంట్లో మగవాళ్ళ టికెట్టుకే డబ్బు కడితే చాలు! రైలంటే సరదా ఉన్న పిల్లలకు 2023 అక్టోబరు 3న సిద్దిపేట–సికిందరాబాదు మధ్య మొదలైన రైలు ఉంది. ఫిల్మ్ సిటీకి పోయేవాళ్ళు జూబిలీ బస్టాండు దగ్గరే మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి ఎల్.బి.నగర్‌లో దిగితే, అక్కడినుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటాక వస్తుంది. వండర్‌లా ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉంది కనుక నలుగురైదుగురు కలిసి బండి మాట్లాడుకుంటే సుఖం.

ఏ రోజుల్లో పోవాలి? ఎండాకాలం సెలవులు పెద్దవే గానీ, మే నెల ఎండకు బండరాయి కూడా పగులుతుంది. దసరాకు బతుకమ్మ విడిచి కదలబుద్ధి కాదు. సంక్రాంతి సెలవులు చల్లగా బాగుంటాయి. ఎప్పుడు పోయినా ఆదివారం వద్దు. ఆదివారం నాడు ఆటకన్నా వరుసలో నిలబడటమే ఎక్కువవుతుంది. ఇంట్లో ఆడవాళ్ళ నెలసరి తేదీలు కూడా చూసుకొని రోజు నిర్ణయించండి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఖర్చు సంగతి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీయండి. ప్రయాణం, ప్రవేశ టికెట్లు, తిండి, చేతిలో ఉంచుకునేది. టికెట్టు ధర ఎంతో, పిల్లలకూ, వృద్ధులకూ, కాలేజీ విద్యార్థులకూ తగ్గింపు ఉందో లేదో ఫోను చేసి కనుక్కొని అంకె వెయ్యండి. బయటి తినుబండారాలు లోపలికి రానివ్వరు కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్కడి ధరకే అని రాసుకోండి. సకినాలు, పులిహోర ప్రయాణంలోనే తినెయ్యాలి. మొత్తం చూసి గుండె గుభేలుమంటే ఈ ఏడు ఒక్కచోటే చాలు. నెలనెలా కొంత దాచి, వచ్చే ఏడు ఇంకోచోటు. అంతేగానీ సంఘంలో అప్పు తీసి, చిట్టీ ఎత్తి వినోదానికి ఖర్చు పెట్టకండి. ఒక రోజు ఆటకు ఏడాది పొడుగునా కిస్తీ కట్టే ఇల్లాలి బాధ ఆమెకే తెలుసు. "ఇంత ఉంది, ఇంతలో పోదాం" అని పిల్లలకు ఆ పుస్తకం చూపించండి. మనం అనుకున్నదానికన్నా వాళ్ళకు బాగానే అర్థమవుతుంది.

పట్నంలో చుట్టాలింట్లో దిగేవాళ్ళకు ఒక మాట. ముందుగా చెప్పి వెళ్ళండి. రాత్రి పదింటికి అయిదుగురం పోయి తలుపు కొడితే, లేచి పొయ్యి వెలిగించేది కూడా మనలాంటి ఒక ఆడదే. బయటే తిని, పండ్లో ఫలాలో పట్టుకొని వెళితే మళ్ళీ పిలుస్తారు.

ఇప్పుడు జాగ్రత్తలు. నీళ్ళ ఆటలకు నూలు బట్టలు, చీరలు, చున్నీలు పనికిరావు. నైలాన్ బట్టలే ఉండాలి. అక్కడ కొంటే ధర ఎక్కువ, ఒళ్ళంతా కప్పే జత మన బజారులోనే కొనుక్కోండి. బంగారం ఇంట్లో పెట్టండి. జడ చుట్టి ముడి వెయ్యండి. 2020లో హైదరాబాదు శివార్లలో గో-కార్టింగ్ బండి చక్రంలో జుట్టు చిక్కుకొని ఒక అమ్మాయి ప్రాణమే పోయింది. ఆట ఎక్కాక అడ్డుకమ్మీ పడిందో లేదో మన చేత్తో మనం లాగి చూసుకోవాలి. చిన్నపిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి అడుగుపెట్టగానే చూపించండి.

చివరి మాట ఇంటి ఇల్లాలి గురించి. జాతరకు పోయినప్పుడు బోనం వండింది మనమే, అంట్లు తోమింది మనమే. ఇప్పుడు పార్కుకు పోతే వంట తప్పింది గానీ సంచుల కాపలా వచ్చింది. ఏ పార్కులోనైనా చూడండి, ప్రతి బెంచీ మీదా ఒక తల్లి. ఆమె ఒడిలో పర్సులు, పక్కన చెప్పులు, భుజాన తడి తువ్వాళ్ళు. టికెట్టు మాత్రం ఆమెకూ కొన్నారు! "నాకెందుకులే, మీరు ఆడుకోండి" అనడం మనకు అలవాటైపోయింది. పిల్లలు అది నిజమేననుకుంటారు. ఆడపిల్లలైతే రేపు తామూ అలాగే ఉండాలనుకుంటారు.

అందుకని సామాను పెట్టుకునే లాకరు అద్దె కూడా ఆ నోటుపుస్తకంలో రాసుకోండి. లాకరు లేనిచోట గంటకొకరు వంతులవారీగా కూర్చోవాలి, ఇంటాయనతో సహా. బయల్దేరేముందు ఇంట్లో ప్రతివాళ్ళనూ "నీకు తప్పకుండా కావలసిందేమిటి?" అని అడిగి ఒక్కొక్కటి రాయండి. ఆ జాబితాలో మీ పేరూ, మీ కోరికా కూడా ఉండాలి. అది అలల కొలనులో కాసేపు తడవడమే కావచ్చు, తోటలో ఒంటరిగా అరగంట కూర్చోవడమే కావచ్చు. మీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగకుండా చూసుకోండి.